గుండె వేగం – జన్యువులు: కోడిగుడ్డు చెప్పే పాఠం

(గర్భిణీ స్త్రీలకు, వారి కుటుంబ సభ్యులకు ఏర్పాటు చేసిన ఆరోగ్య సదస్సులో ఒక నర్సు చేసిన ప్రసంగ పాఠం)



సిస్టర్ మైకు దగ్గరికి వచ్చిందంటే ఐరన్ మాత్రలు, ఆకుకూరలు, టీకాల గురించి చెబుతుందని మీరు అనుకొని ఉంటారు. అవన్నీ అవసరమే. వాటి గురించి ప్రతి నెలా చెబుతూనే ఉన్నాము. ఈసారి మాత్రం కోడిగుడ్డు గురించి మాట్లాడతాను. ఉడకబెట్టి తినే గుడ్డు గురించి కాదు, పెట్ట కింద పొదుగుకు పెట్టిన గుడ్డు గురించి.

ఎందుకో ముందే చెబుతాను. పరీక్షకు వచ్చిన తల్లి పొట్ట మీద డాప్లర్ పెట్టి, "బిడ్డ గుండె కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటోందమ్మా, స్కానింగు చేయించాలి" అని మేము అన్నామంటే, వెంట వచ్చినవాళ్ల చూపులన్నీ ఆ అమ్మాయి మీదికే వెళతాయి. ఏం తిన్నావు, ఎక్కడ జడుసుకున్నావు, గ్రహణం నాడు బయటికి వచ్చావా అని వరుసగా ప్రశ్నలు మొదలవుతాయి. బిడ్డ గుండెకు ఆ వేగం ఎక్కడ నుంచి వస్తుందో తెలిస్తే ఈ ప్రశ్నలు చాలావరకు ఆగిపోతాయి. తల్లి కడుపులో ఏం జరుగుతుందో మనం తెరచి చూడలేము. గుడ్డులో చూడవచ్చు. అందుకే గుండె పుట్టుక గురించి మనిషి నేర్చుకున్న దానిలో చాలా భాగం కోడిగుడ్డు దగ్గరే నేర్చుకున్నాడు.

పల్లెల్లో పెరిగినవారికి ఇది కొత్త కాదు. పొదుగుకు పెట్టిన ఐదో రోజునో ఆరో రోజునో చీకటి గదిలో గుడ్డును టార్చిలైటు ముందు పట్టి చూస్తారు. పిల్ల కట్టిన గుడ్డయితే సాలెగూడులాగా సన్నని ఎర్రని నాళాలు, వాటి మధ్య ఒక నల్లని చుక్క కనబడతాయి. పిల్ల కట్టని గుడ్డయితే లోపల ఏమీ లేకుండా తేటగా ఉంటుంది. ఆ నల్లని చుక్కను చాలామంది గుండె అనుకుంటారు. నిజానికి అది పిల్ల కన్ను. గుండె దానికి దగ్గరలోనే ఉంటుంది, కాని అప్పటికే అది మూడు నాలుగు రోజులుగా కొట్టుకుంటూ ఉంటుంది.

సుమారు 2,300 సంవత్సరాల క్రితం గ్రీసు దేశపు పండితుడు అరిస్టాటిల్ పొదుగులో ఉన్న గుడ్లను పగలగొట్టి పరిశీలించి, మూడు రోజులు గడిచాక తెల్లసొనలో ఒక రక్తపు చుక్క ప్రాణం ఉన్నట్లు ఎగిరెగిరి పడుతుందని రాశాడు. ఇంగ్లండుకు చెందిన వైద్యుడు విలియం హార్వే 1628లో రక్తప్రసరణ గురించి తన పుస్తకం ప్రచురించినప్పుడు ఆ చుక్కనే మళ్లీ సాక్ష్యంగా చూపించాడు. అది ముడుచుకున్నప్పుడు కనబడకుండా పోతుంది, విప్పుకున్నప్పుడు ఎర్రగా కనబడుతుంది. ఆగిపోయిన పావురం గుండె మీద తన వేలిని ఉమ్మితో తడిపి వెచ్చగా ఆనిస్తే అది తిరిగి కదిలిందని కూడా హార్వే రాశాడు. ఈ సంగతి మళ్లీ అవసరం వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

వాళ్ల దగ్గర పెద్ద సాధనాలు లేవు. ఈ రోజు మనకు తెలిసిన లెక్క ఇంకా ముందు నుంచి మొదలవుతుంది. కోడిపిల్ల పొదగబడడానికి 21 రోజులు పడుతుంది. దానిలో మొదటి ఒకటిన్నర రోజు గడిచేసరికే, అనగా 33 నుంచి 36 గంటల మధ్య, గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పటికి అది మనం బొమ్మల్లో చూసే నాలుగు గదుల గుండె కాదు. ఎడమ పక్క నుంచి ఒకటి, కుడి పక్క నుంచి ఒకటి వచ్చిన రెండు సన్నని గొట్టాలు అతుక్కుని ఒకే గొట్టం అయిన స్థితి. మొదట్లో ఆ గొట్టం ఆగి ఆగి, లయ లేకుండా అదురుతుంది. కొన్ని గంటల్లో లయ కుదురుతుంది. నాలుగో రోజుకు నిమిషానికి 100 దాటిపోతుంది. రెండో వారంలో 200 పైకి వెళుతుంది.

ఇప్పుడు ఒక్క ప్రశ్న. ఆ గొట్టాన్ని కొట్టుకోమని చెప్పింది ఎవరు? మెదడు అనుకుంటే, మెదడు నుంచి నరాలు గుండె దాకా రావడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది. తల్లి అనుకుంటే, తల్లి కోడి బయట కూర్చుని ఉంది, పెంకు దాటి ఒక్క చుక్క రక్తం లోపలికి వెళ్లదు. రక్తం తోస్తే కదిలింది అనుకుందామంటే, రక్తప్రసరణ మొదలయ్యే ముందే ఆ అదురు మొదలైంది. 1981లో జపాను శాస్త్రవేత్తలు విద్యుత్తుకు స్పందించే ఒక రంగును గుడ్డులోని పిండానికి పట్టించి చూశారు. గుండె కదలక ముందే దానిలో చిన్న చిన్న విద్యుత్ అలలు లేస్తున్నాయని కనిపెట్టారు. కండరం కదలడం తరువాత వచ్చింది, కరెంటు ముందు వచ్చింది.

ఇంకొక పాత ప్రయోగం ఉంది, 1942 నాటిది. పిండం గుండెను ముక్కలుగా విడదీసి ఒక్కొక్క ముక్క ఎంత వేగంగా కొట్టుకుంటుందో లెక్కపెట్టారు. అన్ని ముక్కలూ తమంతట తామే కొట్టుకున్నాయి, కాని ఒకే వేగంతో కాదు. ముందు భాగపు ముక్క నెమ్మది, వెనుక భాగం అన్నిటికంటే వేగం. ముక్కలన్నీ కలిసి ఉన్నప్పుడు వేగంగా కొట్టే భాగమే పెద్దరికం చేస్తుంది, మిగిలినవి దాని వెంట నడుస్తాయి. పాట పాడేవాళ్లలో తాళం ఒకరి చేతిలోనే ఉన్నట్లు అన్నమాట. మన గుండెలో కూడా కుడి వైపు పై గదిలో అటువంటి చిన్న తాళపు ముడి ఉంది. అది పనిచేయనప్పుడు డాక్టర్లు పేస్‌మేకర్ అనే పరికరం అమర్చుతారు.

అయితే ఆ తాళం ఎంత వేగంగా ఉండాలో నిర్ణయించేవి ఏమిటి? ఒకటి వేడి. గుడ్డు చల్లబడితే పిండం గుండె నెమ్మదిస్తుంది, వెచ్చబడితే పుంజుకుంటుంది. హార్వే వేలి వెచ్చదనానికి పావురం గుండె కదిలింది అందుకే. తల్లికి జ్వరం వచ్చినప్పుడు కడుపులో బిడ్డ గుండె కూడా వేగం పెరుగుతుంది. కాన్పు గదిలో బిడ్డ గుండె 160 దాటిందంటే మేము వెంటనే తల్లికి థర్మామీటరు పెట్టేది అందుకే. రెండోది, అసలైనది, జన్యువులు.

జన్యువు అంటే ఏమిటో మన ఇంటి భాషలో చెబుతాను. ప్రతి జీవకణంలోనూ ఆ శరీరాన్ని ఎలా కట్టాలో రాసిన ఒక పెద్ద రాత ఉంటుంది. ఆ రాతలో ఒక్కొక్క పనికి సంబంధించిన ఒక్కొక్క భాగాన్ని జన్యువు అంటారు. మనిషికి 23 జతల క్రోమోజోముల్లోనూ, కోడికి 39 జతల్లోనూ ఈ రాత సర్దబడి ఉంటుంది. ప్రతి జతలో ఒకటి తండ్రిది, ఒకటి తల్లిది. 2004లో అడవికోడి రాతనంతా చదివి ప్రచురించారు. మనిషి రాతలో మూడో వంతు పొడవే ఉన్నా, దానిలోని జన్యువుల్లో ఎక్కువ భాగానికి మనిషిలో సరిజోడు ఉంది. గుండె తాళాన్ని నడిపే జన్యువులు ఆ సరిజోడుల్లోనివే.

ఆ రాతలో అక్షరం మారడాన్ని మ్యుటేషన్ అంటారు. రేషను కార్డులో అక్షరం తప్పు పడినట్లు అనుకోండి. "వెంకటమ్మ" అని ఉండవలసిన చోట "వెంకట్టమ్మ" అని పడితే బియ్యం ఆగవు. కుటుంబ సభ్యుల సంఖ్య దగ్గర 5కు బదులు 1 పడితే ఇంటిల్లిపాది పస్తు. మ్యుటేషన్లు కూడా అంతే. చాలావాటి వల్ల ఏమీ కాదు. మనలో ప్రతి ఒక్కరికీ కొన్ని ఉంటాయి. కొన్ని మాత్రం సరిగ్గా పనికి అడ్డం వచ్చే చోట పడతాయి.

గుండె కణం పైపొరలో అతి సన్నని తలుపులు ఉంటాయి. వాటి గుండా సోడియం, పొటాషియం, కాల్షియం లోపలికీ బయటికీ కదలడం వల్లనే కరెంటు పుడుతుంది. ఒక్కొక్క తలుపును ఒక్కొక్క జన్యువు తయారు చేస్తుంది. వీటిలో ఒకటి వింతైనది. మిగిలిన తలుపులు గుండె కొట్టుకునేటప్పుడు తెరుచుకుంటే, ఇది కొట్టుకోవడం అయిపోయి కణం విశ్రాంతిలోకి జారినప్పుడు తెరుచుకుంటుంది, తరువాతి దెబ్బకు సిద్ధం చేస్తుంది. 1979లో దీని కరెంటును గుర్తించిన శాస్త్రవేత్తలు దాని తీరు చూసి "తమాషా కరెంటు" అని పేరు పెట్టారు. ఆ పేరే ఇప్పటికీ వైద్య పుస్తకాల్లో నిలిచిపోయింది. ఆ తలుపును తయారు చేసే ముఖ్యమైన జన్యువు పేరు హెచ్‌సీఎన్4. కోడిలోనూ ఉంది, మనలోనూ ఉంది.

ఈ కరెంటు తగ్గితే ఏమవుతుందో ముందుగా స్పష్టంగా చూపించింది ఎలుకలు, చేపలు. 1997లో జీబ్రా చేప పిల్లల్లో ఒక మ్యుటేషన్ దొరికింది. ఆ చేపల గుండె పుట్టినప్పటి నుంచి నెమ్మది, కారణం ఆ తమాషా కరెంటు తగ్గిపోవడమే. 2003లో హెచ్‌సీఎన్4 జన్యువును పూర్తిగా తీసివేసిన ఎలుక పిండాల్లో గుండె వేగం సుమారు 40 శాతం తగ్గింది. అవి పుట్టకుండానే, గర్భం 9 నుంచి 12 రోజుల మధ్యలోనే చనిపోయాయి. అదే సంవత్సరం మనుషుల్లో కూడా ఈ జన్యువులో మార్పు ఉండి గుండె నెమ్మదిగా కొట్టుకునే వ్యక్తి గురించి వైద్యులు రాశారు. మనిషికి సాధారణంగా రెండు ప్రతుల్లో ఒకటే చెడి ఉంటుంది గనుక బతికి బట్టకడతాడు. నిమిషానికి 40, 50 చొప్పున కొట్టుకున్నా కొందరికి ఏ బాధా ఉండదు, కొందరికి కళ్లు తిరుగుతాయి.

మరి గుడ్డు వంతు ఏమిటి? గుడ్డు వంతు చాలా పెద్దది. పెంకుకు చిన్న కిటికీ కోసి పిండం బతికి ఉండగానే చూడవచ్చు. సన్నని సూదితో జన్యువు ముక్కను పోసి, కొద్దిపాటి విద్యుత్తు ఇచ్చి, కావలసిన కణాల్లోకి పంపవచ్చు. 1990లలో వచ్చిన ఈ పద్ధతితో పిండంలో ఒక్క చోట మాత్రమే జన్యువును మార్చి, పక్క చోటును మామూలుగా ఉంచి, రెండింటినీ పోల్చి చూస్తారు. ఇలా కోడి పిండాల మీద పని చేసిన అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 2013లో ఒక సంగతి చెప్పారు. తాళం వేసే కణాలు గుండె తయారయ్యాక దానిలో నుంచి పుట్టినవి కావట. గుండె గొట్టం ఏర్పడక ముందే, గుండె పుట్టే స్థలానికి పక్కనే ఒక చోట వాటికి ఆ పని అప్పగించబడి ఉంటుందట. అప్పగించేది ఒక జన్యు సంకేతం. ఆ సంకేతాన్ని వేరే కణాలకు అందేలా చేస్తే, మామూలు గుండె కండరం కావలసిన కణాలు కూడా తాళం వేయడం మొదలుపెట్టాయి. అంటే మన దృష్టిలో పిల్ల అనదగ్గది ఏమీ లేనప్పుడే, గుండె వేగం ఎవరి చేతిలో ఉండాలో తేలిపోయింది.

ఇక్కడ నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన విషయం చెప్పాలి. గుండె అంత తొందరగా ఎందుకు మొదలుపెట్టాలి? పిండానికి ప్రాణవాయువు అందించడానికి అని మనమంతా చదువుకున్నాము. 2000 సంవత్సరంలో అమెరికా పరిశోధకులు మూడు, నాలుగు రోజుల కోడి పిండాల్లో గుండె నుంచి రక్తం బయటికి వెళ్లే దారిని ముడివేశారు. పిండం వెంటనే నీరసించిపోవాలి కదా. అలా జరగలేదు. కొంతకాలం దాని పెరుగుదల గాని, ప్రాణవాయువు వాడకం గాని తగ్గలేదు. అంత చిన్న శరీరానికి ప్రాణవాయువు పక్క నుంచి నేరుగా ఇంకిపోయి అందుతుంది. అయితే గుండె ఎందుకు కష్టపడుతున్నట్లు?

దానికి జవాబు హాలెండు దేశం లైడెన్ నగరంలో 1997లో జరిగిన పనిలో కొంత దొరుకుతుంది. పచ్చసొన నుంచి గుండెకు రక్తం తెచ్చే ఒక నాళాన్ని చిన్న క్లిప్పుతో మూసివేశారు. పిండం జన్యువులను ఎవరూ ముట్టుకోలేదు. గుండెలోకి వచ్చే ధార మాత్రం దారి తప్పింది. తరువాత చూస్తే ఆ పిండాల్లో చాలావాటి గుండె కింది గదుల మధ్య గోడలో రంధ్రాలు, బయటికి వెళ్లే పెద్ద నాళాల్లో లోపాలు. మన ఆసుపత్రులకు పుట్టుకతో గుండె జబ్బుతో వచ్చే పిల్లల్లో మనం చూసే లోపాలే ఇవి. ఏటిలో నీళ్లు పారే తీరును బట్టి గట్టు ఒక చోట కోసుకుపోయి ఇంకో చోట మేట వేసినట్లు, రక్తం పారే తీరే గుండె గోడలను మలుస్తుంది.

దీన్ని బట్టి జన్యు మార్పు గుండె వేగాన్ని మార్చితే దాని ఫలితం వేగంతో ఆగకపోవచ్చునని అర్థమవుతుంది. వేగం మారితే ధార మారుతుంది, ధార మారితే నిర్మాణం మారవచ్చు. 2014లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా కొన్ని కుటుంబాల గురించి రాశాయి. హెచ్‌సీఎన్4 మార్పు వల్ల గుండె నెమ్మదిగా కొట్టుకునే ఆ మనుషుల్లో గుండె కండరం లోపలి పొర గట్టిగా కట్టుకోకుండా స్పాంజిలాగా ఉన్నట్లు కూడా కనబడింది. వేగం వల్లే అలా అయిందా, జన్యువే రెండు పనులూ చెడగొట్టిందా అన్నది వేరే చర్చ. మనకు కావలసింది, రెండూ ఒకే ఇంట్లో కలిసి కనబడ్డాయి గనుక ఒకటి ఉన్నవారికి రెండోది వెతకాలి అన్నది.

అన్ని తేడాలూ జబ్బులు కావు, అది కూడా కోడి దగ్గరే చూడండి. మాంసం కోసం పెంచే బ్రాయిలర్ జాతి పిండాల గుండె వేగానికీ, గుడ్ల కోసం పెంచే జాతి పిండాల గుండె వేగానికీ తేడా ఉందని కొలిచారు. అక్కడ పెద్ద మ్యుటేషన్ ఒకటీ లేదు. తరతరాలుగా మనిషి ఏరి పెంచినందువల్ల చిన్న చిన్న జన్యు తేడాలు పోగుపడ్డాయి, అంతే. మీ ఇద్దరి పిల్లల నాడి ఒకేలా లేకపోతే బెంగపడకండి.

ఇక మన బిడ్డల విషయానికి వద్దాము. తల్లి కడుపులో బిడ్డ గుండె గర్భం దాల్చిన సుమారు 22వ రోజుకు మొదలవుతుంది. చాలామంది తల్లులకు అప్పటికి నెల తప్పిన సంగతి కూడా తెలియదు. నెల తప్పిన లెక్కలో ఆరో వారానికి 100, 110 ఉన్న వేగం తొమ్మిదో వారానికి 170 దాకా పెరిగి, తరువాత తగ్గి, నెలలు నిండే వేళకు 110, 160ల మధ్య నిలబడుతుంది. కోడిపిల్లలో లాగానే మొదట నెమ్మది, ఆ తరువాత పరుగు. తొలి వారాల్లో వేగాన్ని పెంచింది గాని తగ్గించింది గాని తల్లి ఆలోచనలు కావు, గ్రహణం అసలే కాదు.

నెమ్మదించిన ప్రతి గుండె జన్యు లోపం కాదని కూడా ఇక్కడే గట్టిగా చెబుతున్నాను. నొప్పుల సమయంలో ఉన్నట్టుండి వేగం పడిపోతే బొడ్డుతాడు నొక్కుకోవడం వంటి కారణాలు ఎక్కువ. అది నిమిషాల్లో చూడవలసిన అత్యవసరం. ఐదారు నెలల గర్భంలో బిడ్డ గుండె 50, 60కి పడిపోయి అలాగే ఉంటే, తల్లి రక్తంలోని ఒక రకం యాంటీబాడీలు బిడ్డ గుండెలోని కరెంటు దారిని దెబ్బతీసి ఉండవచ్చు. ఆ తల్లికి తనలో అవి ఉన్నట్లు ఏ గుర్తూ తెలియకపోవచ్చు. రక్తపరీక్ష చేస్తే తెలుస్తుంది.

జన్యు కారణం ఉన్నప్పుడు వేగం తరచుగా అంత భయంకరంగా ఉండదు. 110కి అటూ ఇటూగా, ఏ పరీక్షకు వచ్చినా అదే నెమ్మది. "తక్కువ వైపు ఉంది, ఫరవాలేదు" అని వదిలేసే అంకె అది. అటువంటి బిడ్డల్లో కొందరికి లాంగ్ క్యూటీ అనే జబ్బు ఉంటుంది. ముందు చెప్పిన తలుపుల్లో పొటాషియం తలుపు సరిగా పనిచేయక, గుండె కణం ప్రతి దెబ్బ తరువాత తిరిగి సిద్ధపడడానికి ఆలస్యం చేస్తుంది. దీనికి కారణమైన ముఖ్యమైన జన్యువులను 1995, 1996 సంవత్సరాల్లో గుర్తించారు. పుట్టే ప్రతి 2,000 మందిలో సుమారు ఒకరికి ఇది ఉంటుందని అంచనా. పుట్టాక ఆ బిడ్డ చూడడానికి బాగానే ఉంటాడు, పాలు తాగుతాడు, బడికి వెళతాడు. ఒక రోజు పరుగెత్తుతూనో, కాలువలో ఈత కొడుతూనో, ఉన్నట్టుండి పెద్ద శబ్దం విన్నప్పుడో గుండె లయ చెదిరి పడిపోతాడు. చాలాసార్లు క్షణాల్లో తేరుకుంటాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు, బయటివాళ్లు ఫిట్స్ అంటారు. ఏళ్ల తరబడి ఫిట్స్ మందులు మింగి, గుండెకు ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకోని పిల్లలు ఉన్నారు. తేరుకోని రోజు కూడా ఒకటి వస్తుంది. ఈత బాగా వచ్చిన పిల్లవాడు చెరువులో మునిగి చనిపోయాడంటే ఊరంతా విచారపడుతుంది, ఇంట్లో మిగిలిన పిల్లలకు ఇ.సి.జి. తీయించాలని ఎవరికీ తోచదు.

ఈ జబ్బు ఉన్న తల్లి లేక తండ్రి నుంచి ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. తండ్రి వైపు నుంచి వచ్చే అవకాశం తల్లి వైపు నుంచి వచ్చే అవకాశంతో సమానం. అత్తగార్లు ఈ మాట వినాలని కోరుతున్నాను. కొన్నిసార్లు ఇద్దరిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా మార్పు వస్తుంది.

మన తెలుగు నాట ఇంకొక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 1957లో జెర్వెల్, లాంగె నీల్సన్ అనే ఇద్దరు వైద్యులు నార్వే దేశంలోని ఒక కుటుంబం గురించి రాశారు. ఆరుగురు పిల్లల్లో నలుగురు పుట్టుచెవుడు. ఆ నలుగురికీ స్పృహ తప్పడం ఉండేది. ముగ్గురు చిన్నతనంలోనే హఠాత్తుగా చనిపోయారు. చెవి లోపలి ద్రవంలో పొటాషియం ఉంచే తలుపు, గుండెలోని తలుపు రెండూ ఒకటే. ఆ జన్యువు రెండు ప్రతులూ, తల్లిదీ తండ్రిదీ, చెడినప్పుడు చెవుడూ గుండె జబ్బూ రెండూ వస్తాయి. దూరపు సంబంధాల్లో ఇలా రెండు చెడిన ప్రతులు కలవడం అరుదు. మేనమామను, మేనబావను చేసుకున్న చోట ఒకే తాతమ్మ నుంచి వచ్చిన అదే తప్పు రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే అవకాశం ఎక్కువ. మేనరికాలు మన ఇళ్లలో ఎంత మామూలో నేను చెప్పనక్కరలేదు. జరిగిపోయిన పెళ్లిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మేనరికపు ఇంట్లో పుట్టుచెవుడు ఉన్న బిడ్డ ఉంటే, ఆ బిడ్డకు ఒక్కసారైనా ఇ.సి.జి. తీయించండి. చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషనుకు వెళ్లే ముందు తప్పనిసరిగా తీయించండి, ఎందుకంటే మత్తు ఇచ్చే డాక్టరుకు అది ముందే తెలియాలి.

తెలిస్తే చేయగలిగింది ఉంది. ప్రొప్రనొలాల్ వంటి మాత్రలు రోజూ క్రమంగా వాడితే పడిపోవడం చాలామందిలో బాగా తగ్గుతుంది. బాగున్నాడు కదా అని వాటిని మధ్యలో ఆపకూడదు. కొన్ని మందులు ఈ పిల్లలకు పడవు. ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్స్, వాంతులకు ఇచ్చే డాంపెరిడోన్, ఆన్‌డాన్‌సెట్రాన్ వాటిలో కొన్ని. మందుల షాపులో అడిగి తెచ్చుకునే అలవాటు మనకు ఎక్కువ గనుక పేర్లు చెబుతున్నాను. మరొక మాట. తమాషా కరెంటును తగ్గించి గుండెను నెమ్మదింపజేసే ఇవాబ్రాడిన్ అనే మాత్రను పెద్దవాళ్ల గుండె జబ్బుకు ఇస్తారు. అదే తలుపు కడుపులోని బిడ్డ గుండెకు తాళం గనుక గర్భిణీలు దానిని వాడకూడదు. ఆ మాత్ర వాడుతున్న స్త్రీ గర్భం కోసం అనుకుంటున్నప్పుడే డాక్టరుకు చెప్పాలి, తనంతట తాను ఆపకుండా వారు మార్చి ఇచ్చేది వాడాలి.

ఈసారి పరీక్షకు వచ్చేటప్పుడు భార్య వైపు, భర్త వైపు రెండు వైపులా ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రండి. నలభై ఏళ్ల లోపు ఉన్నట్టుండి చనిపోయినవారు, ఈత వచ్చి కూడా నీళ్లలో పోయినవారు, ఊయలలో నిద్రలోనే పోయిన పసిబిడ్డలు, తరచుగా స్పృహ తప్పేవారు, పుట్టుచెవుడు ఉన్నవారు, పేస్‌మేకర్ పెట్టించుకున్నవారు ఎవరైనా ఉన్నారా అని. ఉంటే మేము అడగక ముందే చెప్పండి. ప్రతి పరీక్షలోనూ బిడ్డ గుండె ఎంత ఉందో మీ కార్డు మీద అంకె వేయమని నర్సును అడగండి. "బాగుంది" అని రాస్తే సరిపోదు. 112, 110, 111 అని వరుసగా కనబడితేనే డాక్టరు దానిని పట్టుకోగలరు. ఇ.సి.జి. తీయించినప్పుడు ఇచ్చే పొడవాటి కాగితం ఎండకూ వేడికీ కొన్నాళ్లకు వెలిసిపోతుంది. అదే రోజు దానికి జిరాక్సు తీయించి, ఆసుపత్రి ఫైలులో పెట్టుకోండి.